ఎడమ పేజీలో స్వరాలు, కుడి పేజీలో ఐదు గీతలు

జూన్ మొదటి వారం: సరంజామా

ఒకే పాఠాన్ని ఒకే పుస్తకంలో రెండు లిపుల్లో రాయాలన్నది ఈ ప్రాజెక్టు. తెరిచిన పుస్తకంలో ఎడమ పేజీ మన స్వరలిపికి, కుడి పేజీ ఐదు గీతల పాశ్చాత్య లిపికి. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఒక గీతం, ఒక నొట్టు స్వరం (పాశ్చాత్య బాణీకి కూర్చిన పాట). ఈ ఏటికి హద్దు అంతే. పాడలేనిదేదీ పుస్తకంలోకి ఎక్కకూడదు. తాళం వేస్తూ పాడాకే పెన్సిల్ పట్టుకోవాలి.

రాగాల పేర్లు చిన్నప్పటి నుంచీ చెవిన పడుతూనే ఉన్నాయి. రాగం పేరు చెప్పడం ఒకటి, ఆ పాటలో ఏ స్వరం తాళంలో ఎన్నో అక్షరం (తాళపు లెక్క) మీద పడిందో చెప్పడం మరొకటి. నాకు కావలసింది ఆ రెండోది. ఇక రెండు లిపులూ ఎందుకంటే, అవి పట్టించుకునే విషయాలు వేరు. మన లిపి స్వరానికి షడ్జంతో, అంటే ఆధారమైన స తో, ఉన్న సంబంధాన్ని రాస్తుంది. షడ్జం ఎక్కడ పెట్టుకోవాలన్నది పాడేవారి గొంతును బట్టి ఉంటుంది. పాశ్చాత్య లిపి స్వరం అసలు ఎత్తునే రాస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకదానిలో కనబడనిది మరొకదానిలో కనబడుతుందని నా నమ్మకం.

సామాను పెద్దగా లేదు. పిల్లలు లెక్కలకు వాడే గళ్ల పుస్తకం, మెత్తటి పెన్సిళ్లు, స్కేలు, 61 మీటల కీబోర్డు, ఫోనులో తంబూర నాదం పలికే శ్రుతిపెట్టె. వారానికోసారి మాస్టారి దగ్గర పాఠం. నా గొంతుకు ఒకటిన్నర శ్రుతి సరిపోతుందని ఆయన తేల్చారు. అంటే కీబోర్డు మీద సి షార్ప్ (షార్ప్ స్వరాన్ని ఒక మెట్టు పెంచే గుర్తు, ఫ్లాట్ తగ్గించేది). ఆ ఎత్తులో శంకరాభరణం ఐదు గీతల మీద రాయాలంటే ఏడు షార్పులు పెట్టాలి, డి ఫ్లాట్ అనుకుంటే ఐదు ఫ్లాట్లు. మొదలుపెట్టేవారికి అది అనవసరమైన బరువు. అందుకని కుడి పేజీలో అన్నీ సి మీదే రాసుకుని, వాయించేటప్పుడు కీబోర్డులోని ట్రాన్స్‌పోజ్ మీటతో ఒక మెట్టు పైకి జరుపుకుంటున్నాను.

జూన్ చివర: గళ్లు

మాస్టారు మొదటి రోజే అన్నారు: "ముందు తాళం వేయండి, స్వరం తరవాత వస్తుంది." ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు స్వరాల జోలికే పోలేదు. చతురశ్ర జాతి త్రిపుట, అంటే ఆది తాళం, ఒక్కటే. లఘువుకు ఒక దెబ్బ, మూడు వేళ్లు. తరవాత రెండు ద్రుతాలు, ఒక్కోదానికి ఒక దెబ్బ, ఒక విసర్జితం (చెయ్యి తిప్పడం). నాలుగు, రెండు, రెండు కలిసి ఎనిమిది అక్షరాలు.

గళ్ల పుస్తకం ఉపయోగం ఇక్కడ తెలిసింది. పుస్తకాన్ని అడ్డంగా తిప్పి, ఒక్కో అక్షరానికి నాలుగు గళ్ల చొప్పున ఆవర్తానికి (తాళం ఒక చుట్టుకు) 32 గళ్లు కేటాయించాను. నాలుగో అక్షరం తరవాత ఒక నిలువు గీత, ఆరో అక్షరం తరవాత ఇంకొకటి, ఎనిమిదో దాని తరవాత జంట గీత. మొదటి సరళీ స్వరం "స రి గ మ | ప ద | ని స ||" మొదటి కాలంలో (అక్షరానికి ఒక స్వరం) రాస్తే ప్రతి స్వరం తరవాత మూడు గళ్లు ఖాళీ. రెండో కాలంలో ఒక్క గడి ఖాళీ, ఆరోహణ అవరోహణలు రెండూ ఒకే ఆవర్తంలో పట్టేస్తాయి. మూడో కాలంలో ఖాళీ గడి అంటూ ఉండదు. పదహారు స్వరాలు సగం ఆవర్తంలోనే అయిపోతాయి కాబట్టి తాళం నిండాలంటే వరస రెండుసార్లు రావాలి. మూడు కాలాలనూ ఒకదాని కింద ఒకటి రాసి చూస్తే, ఇన్నాళ్లూ "వేగంగా పాడడం" అనుకున్నది నిజానికి వేగం కాదని తెలుస్తుంది. తాళం నడక మారదు. దాని లోపలి జాగాను ఎంత సన్నగా పంచుకుంటున్నామన్నదే మారుతుంది.

అచ్చు పుస్తకాల్లో ఇన్ని గళ్లు ఉండవు కాబట్టి అక్కడి గుర్తులు కూడా వెంటనే నేర్చుకోవాలి. హ్రస్వం ఒక మాత్ర (నిడివి లెక్క), "సా" అని దీర్ఘం రాస్తే రెండు. కామా ఒక మాత్ర పొడిగింపు, సెమికోలన్ రెండు మాత్రలు. స్వరాల పైన ఒక అడ్డగీత గీస్తే కాలం సగం, రెండు గీతలు గీస్తే పావు.

కుడి పేజీలో మొదటి కాలానికి క్వార్టర్ నోట్, రెండో కాలానికి ఎయిత్ నోట్, మూడో కాలానికి సిక్స్‌టీంత్ నోట్ వాడాను. ఎయిత్ నోట్ల కాడలను ఒక అడ్డపట్టీ కలుపుతుంది, సిక్స్‌టీంత్ నోట్లను రెండు పట్టీలు. మన లిపిలోనూ రెండో కాలానికి ఒక గీత, మూడో కాలానికి రెండు. ఎక్కడెక్కడో పుట్టిన రెండు లిపులు ఒకే ఉపాయం పట్టుకోవడం చూసి ఆ సాయంత్రం చాలా సంతోషం వేసింది.

చుక్కల విషయంలో మాత్రం పొత్తు కుదరదు. మనకు స్వరం పైన చుక్క తారస్థాయి (పై స్థాయి), కింద చుక్క మంద్రస్థాయి (కింది స్థాయి). పాశ్చాత్య లిపిలో నోట్ పక్కన చుక్క పెడితే దాని నిడివికి సగం చేరుతుంది. పైనో కిందో పెడితే ఆ నోట్‌ను తుంచి వాయించమని. రెండు లిపులూ ఒకేసారి నేర్చుకునేవారు ఈ మూడు చుక్కలను మొదటి వారంలోనే వేరుచేసి పెట్టుకోవాలి.

జులై: పన్నెండు చోట్లు, పదహారు పేర్లు

మాయామాళవగౌళను కీబోర్డు మీద పెట్టాను. సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి. శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. ప్రాథమిక పాఠాలను ఈ రాగంలో ఏర్పరచింది పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. మీటల మీద వేళ్లు పెట్టి చూస్తే ఆ ఎంపికలోని తెలివి అర్థమవుతుంది. స నుంచి మ వరకు ఉన్న ఎడాలే ప నుంచి పై స వరకు మళ్లీ వస్తాయి. ఒకటి, మూడు, ఒకటి. కింది సగం గొంతులో కుదిరితే పై సగానికి కొత్తగా నేర్వవలసింది లేదు. పైగా మొదట్లోనే అతి దగ్గరి ఎడం, బాగా దూరపు ఎడం రెండూ గొంతుకు అలవాటవుతాయి.

ఐదు గీతల మీద దీన్ని రాయబోతే ఒక చిక్కు వచ్చింది. పాశ్చాత్య పద్ధతిలో పేజీ మొదట్లో పెట్టే ఫ్లాట్లకు ఒక వరుస ఉంది: బి, ఇ, ఎ, డి, జి. డి, ఎ లకు మాత్రమే ఫ్లాట్ పెట్టి బి, ఇ లను వదిలేసే మామూలు గుర్తు వారికి లేదు. కాబట్టి ప్రతి గదిలోనూ (రెండు నిలువు గీతల మధ్య భాగంలోనూ) రి పక్కన, ద పక్కన ఫ్లాట్ వేసుకుంటూ పోవాలి. ఒక గదిలో వేసిన గుర్తు ఆ గది చివరిదాకే పనిచేస్తుంది. తరవాత కంప్యూటర్‌లో మ్యూజ్‌స్కోర్ దించుకుని చూస్తే, అందులో మనకు కావలసిన గుర్తును తయారుచేసుకునే వీలుంది. చేతిరాతలో మాత్రం ఓపిగ్గా వేస్తున్నాను, ఎందుకంటే ప్రతి ఫ్లాట్ దగ్గర "శుద్ధ" అని మనసులో అనుకోవడం మంచి అభ్యాసం.

72 మేళకర్తల (ఏడు స్వరాలూ ఉండే మూల రాగాల) పట్టిక చూసి బెదిరిపోయేవాళ్లను చాలామందిని చూశాను. బట్టీ పట్టవలసింది చాలా తక్కువ. శుద్ధ మధ్యమంతో 36, దానికి ఒక మెట్టు పైనున్న, "ప్రతి మధ్యమం" అనే మధ్యమంతో 36. రి-గ జంటలు ఆరు, ద-ని జంటలు ఆరు. ఆరార్లు ముప్పై ఆరు, మధ్యమాలు రెండు, మొత్తం 72. పదిహేడో శతాబ్దిలో వేంకటమఖి వేసిన ఈ లెక్కను ఆరు వరుసలు, ఆరు నిలువులుగా గళ్ల పుస్తకంలో నేనే గీసుకున్నాను. పేరులోని మొదటి రెండక్షరాలను కటపయాది సూత్రంతో అంకెలు చేసి తిరగేస్తే మేళం సంఖ్య వస్తుంది. మాయా: మ 5, య 1, తిరగేస్తే 15. ధీరశంకరాభరణం: ధ 9, ర 2, తిరగేస్తే 29. మేచకల్యాణి: మ 5, చ 6, అంటే 65.

సంఖ్య నుంచి స్వరాలకు రావడం ఇంకా రుచిగా ఉంటుంది. 29 అంటే 25 నుంచి 30 వరకు ఉండే ఐదో చక్రంలో (ఆరేసి మేళాల గుంపులో) ఐదోది. ఐదో రి-గ జంట చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం. ఐదో ద-ని జంట చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. కీబోర్డు మీద సి నుంచి వరసగా తెల్ల మీటలు. పాశ్చాత్యుల మేజర్ స్కేల్ అదే.

ఆగస్టు: తంబూర ముందు ఒక పరీక్ష

శ్రుతిపెట్టెను ఒకటో శ్రుతికి, అంటే సి కి, తెచ్చి, కళ్లు మూసుకుని అంతర గాంధారం పట్టాను. కొంతసేపటికి గొంతు నాదంలో కలిసి, అంచు తెలియకుండా నిలబడింది. అప్పుడు అదే గాంధారాన్ని కీబోర్డు మీద నొక్కాను. రెండు ధ్వనులూ కలవలేదు. మీట గొంతుకంటే ఒక్క పిసరు పైన ఉంది, మధ్యలో సన్నటి ఊగుడు వినబడింది.

లెక్క వేసి చూశాను. కీబోర్డులో మధ్య సి 261.6 హెర్ట్జ్, ఇ 329.6 హెర్ట్జ్. తంబూర నాదంలో సహజంగా పలికే గాంధారం షడ్జానికి 5:4 నిష్పత్తిలో ఉంటుంది, అంటే 327.0 హెర్ట్జ్. తేడా 2.6. అందుకే సెకనుకు రెండున్నర సార్ల చొప్పున ఆ ఊగుడు. కీబోర్డు స్థాయిని (స నుంచి పై స వరకు) పన్నెండు సమాన మెట్లుగా కోసింది, ఏ మీట మీద షడ్జం పెట్టినా పాట ఒకేలా ఉండాలని. దానికి గాంధారం కొంత మూల్యం చెల్లించింది. పంచమానికి ఆ నష్టం అంతగా లేదు. 3:2 ప్రకారం 392.4 రావాలి, మీట 392.0 పలుకుతుంది. చెవికి పట్టేంత తేడా కాదు.

నా తీర్మానం: కీబోర్డు చోటు చూపించడానికి, శ్రుతిపెట్టె గొంతు నిలబెట్టడానికి. స్వరం ఎక్కడుందో వెతుక్కోవడానికి మీట నొక్కుతాను, వెంటనే దాన్ని ఆపి తంబూరతోనే పాడతాను. ఒక్కరే ఇంట్లో సాధన చేసుకునేవారికి ఇది గట్టిగా చెప్పదగ్గ మాట. మీటతో పాటు గంటల తరబడి పాడితే గొంతు మీట ఎత్తుకే స్థిరపడిపోతుంది.

సెప్టెంబరు: అలంకారాలు, ఒక గీతం

సప్త తాళ అలంకారాలు త్వరగానే సాగాయి. చతురశ్ర జాతి ధ్రువ తాళం 14 అక్షరాలు: "స రి గ మ | గ రి | స రి గ రి | స రి గ మ ||". నాలుగు, రెండు, నాలుగు, నాలుగు. ఐదు గీతల పేజీలో దీనికి సహజమైన గది లేదు. పద్నాలుగు క్వార్టర్ నోట్లకు ఒక గది చేసి, లోపల అంగాల (తాళం భాగాల) దగ్గర చుక్కల గీతలు గీశాను. లిపి ఒప్పుకోనిదేమీ లేదు, వాడుక లేదంతే.

ఆ తరవాత మలహరి రాగంలో "శ్రీ గణనాథ" గీతం. పిల్లలందరూ నేర్చుకునేదే అయినా, రాసి చూస్తే ఇందులో ఎంత ఉందో! చతురశ్ర జాతి రూపకం: ద్రుతం, లఘువు, ఆరు అక్షరాలు.

మ ప | ద స స రి || రి స | ద ప మ ప ||
రి మ | ప ద మ ప || ద ప | మ గ రి స ||

మొదటి పంక్తిలోని స, రి తారస్థాయివి, పైన చుక్క పెట్టాలి. మలహరి మాయామాళవగౌళ జన్యం (దాని నుంచి పుట్టిన రాగం), నిషాదం లేదు. ఆరోహణలో గాంధారం కూడా లేదు: స రి మ ప ద స. అవరోహణలో గ వస్తుంది: స ద ప మ గ రి స. పంక్తులను రాగ లక్షణంతో సరిచూడడం మొదలుపెట్టాను. "రి మ ప ద" ఎక్కేటప్పుడు గ ను దాటేసింది, "మ గ రి స" దిగేటప్పుడు తాకింది. సరిగ్గా ఉంది. "లంబోదర" దగ్గరికి వచ్చేసరికి "స రి | మ , గ రి || స రి | గ రి స , ||". "బో" మధ్యమం మీద నిలిచింది, అందుకే ఆ కామా. "లకుమికర"లో స, రి, గ వరసగా వచ్చాయి! ఆరోహణలో గ లేని రాగంలో ఇదెలా? మాస్టారిని అడిగితే పాడి చూపించారు. గ ను తాకి వెంటనే రి మీదికి వంగి దిగిపోతుంది, అక్కడి నుంచి మ కు ఎక్కదు. ఆరోహణ అవరోహణలు రాగానికి మ్యాపు లాంటివని, దారిలో నడిచేది సంచారమని ఇంతకంటే చిన్న ఉదాహరణతో చెప్పలేం. ఈ గీతం రాయకుండా మలహరి మీద ఎన్ని వ్యాసాలు చదివినా నాకు ఇది పట్టేది కాదు.

కుడి పేజీలో రూపకానికి ఆరు క్వార్టర్ నోట్ల గది వేశాను. మూడేసి నోట్ల గదులుగా కోస్తే నడక మారిపోతుంది. రెండు, నాలుగుగానే చెయ్యి కదలాలి.

అక్టోబరు: షడ్జం జరిపితే

ఒక ఆదివారం పొద్దున మొత్తం దీనికే. తెల్ల మీటలు తప్ప మరేవీ ముట్టుకోకూడదన్న నియమంతో, షడ్జాన్ని ఒక్కో మెట్టూ జరుపుతూ వెళ్లాను. సి నుంచి శంకరాభరణం. డి ని షడ్జం చేస్తే ఖరహరప్రియ, ఇ నుంచి తోడి, ఎఫ్ నుంచి కల్యాణి, జి నుంచి హరికాంభోజి, ఎ నుంచి నఠభైరవి. బి దగ్గర పంచమం దొరకదు, మధ్యమాలు రెండూ వస్తాయి, కాబట్టి మేళం కాదు. గ్రహభేదం అంటే ఇదే. మీటలు అవే, ఎడాల క్రమం అదే, ఏది ఇల్లు అనుకున్నామన్నదాన్ని బట్టి రాగం మారిపోయింది. శ్రుతిపెట్టెను కూడా ప్రతిసారీ కొత్త షడ్జానికి మార్చాలి, లేకపోతే చెవి పాత షడ్జాన్ని వదలదు.

ఇందులోంచే పాశ్చాత్యుల షార్పుల వరుస కూడా విడిపోయింది. సి శంకరాభరణంలో పంచమం జి. ఆ జి ని కొత్త షడ్జం చేసి తెల్ల మీటలే వాయిస్తే హరికాంభోజి వస్తోంది, ఎందుకంటే పాత మధ్యమం ఎఫ్ ఇక్కడ కైశికి నిషాదమైంది. మళ్లీ శంకరాభరణమే కావాలంటే దాన్ని ఒక మెట్టు ఎత్తి కాకలి చేయాలి: ఎఫ్ షార్ప్. అక్కడి నుంచి మళ్లీ పంచమానికి, డి కి, వెళితే ఈసారి సి ని ఎత్తాలి. ప్రతిసారీ పాత మ కొత్త ని అవుతుంది, దానికే షార్ప్. ఎఫ్, సి, జి, డి, ఎ, ఇ, బి అన్న వరుస ఇలా పుట్టింది. పుస్తకంలో గుండ్రటి బొమ్మగా చూసినప్పుడు ఇది బట్టీ పట్టే సంగతిలా ఉండేది. మన స్వరాల పేర్లతో చెప్పుకుంటే తనంతట తానే వచ్చేస్తోంది.

నవంబరు: నొట్టు స్వరం

రెండు లిపులకూ నిజమైన వారధి ముత్తుస్వామి దీక్షితుల (1775–1835) నొట్టు స్వర సాహిత్యాలు. మద్రాసు కోటలో వినిపించే పాశ్చాత్య బాణీలకు ఆయన సంస్కృత సాహిత్యం కూర్చారు. "సంతతం పాహిమాం" బ్రిటిష్ జాతీయగీతం బాణీలో, "శ్యామలే మీనాక్షి" పిల్లల పాట "ట్వింకిల్ ట్వింకిల్" బాణీలో ఉంటాయి. గమకాలు (స్వరాన్ని ఊపడం, జార్చడం లాంటివి) లేకుండా నేరుగా సాగే స్వరాలు కాబట్టి ఎడమ పేజీ, కుడి పేజీ అణా పైసలతో సహా సరిపోతాయి. కొత్తగా లిపి నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. పిల్లలకు సరళీ స్వరాల పక్కనే ఇవీ నేర్పాలి.

"శ్యామలే" బాణీ తేలిక: స స ప ప | ద ద పా || మ మ గ గ | రి రి సా ||. "సంతతం" బాణీలో పని ఉంది. మూడు దెబ్బల నడక, ఒక్కో దెబ్బకు రెండు మాత్రలు:

సా సా రీ | నీ , స రీ | గా గా మా | గా , రి సా | రీ సా నీ | సా ; ; ||

నిషాదాలకు కింద చుక్క. రెండో గదిని దగ్గరగా చూడండి. నీ రెండు మాత్రలు, కామా ఒకటి, స ఒకటి, రీ రెండు, మొత్తం ఆరు. కుడి పేజీలో అదే క్వార్టర్ నోట్, దాని పక్కన చుక్క, తరవాత ఎయిత్ నోట్, క్వార్టర్ నోట్. మన కామా చేసే పనే అక్కడ పక్క చుక్క చేస్తోంది. చివరి "సా ; ;" అక్కడ చుక్క పెట్టిన హాఫ్ నోట్.

డిసెంబరు: లిపికి అందనిది, అందించాలని చూసినది

తోడిలో గాంధారం రాయాలంటే "గ" అని రాస్తాం. పాడేటప్పుడు అది రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. కుడి పేజీలో ఇ ఫ్లాట్ అని నిలువునా పెడితే తోడి అక్కడ లేదు. దీన్ని కాగితం మీదికి తేవడానికి పెద్దవాళ్లు పడిన శ్రమ తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. 1893లో మద్రాసులో ఎ.ఎమ్. చిన్నస్వామి మొదలియార్ కర్ణాటక కృతులను ఐదు గీతల లిపిలో అచ్చువేశారు. 1904లో ఎట్టయపురం నుంచి సుబ్బరామ దీక్షితుల "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" వచ్చింది. తమిళ నేల మీద, తెలుగు లిపిలో అచ్చయిన గ్రంథం. అందులో గమకాల రకాలకు గుర్తులున్నాయి: కంపితానికి అలల గీత, జారుకు ఏటవాలు గీత, స్ఫురితానికి మూడు చుక్కలు, నొక్కుకు, రవకు వేరువేరు గుర్తులు. తెలుగు చదవడం వచ్చిన ప్రతి విద్యార్థీ ఆ పేజీలు నేరుగా చదువుకోగలగడం మనకు దక్కిన భాగ్యం. నా ఎడమ పేజీలో ఇప్పుడు ఆ గుర్తులే వాడుతున్నాను.

అయినా గుర్తు చూసి గమకం పాడడం లేదు. మాస్టారు పాడింది విని, నాలుగైదుసార్లు అనుకరించి, గొంతులో నిలిచాక గుర్తు వేస్తున్నాను. వారం తరవాత పుస్తకం తెరిస్తే ఆ గుర్తు విన్నదాన్ని లేపుతుంది. విననిదాన్ని అది పుట్టించదు.

జనవరి: ప్రస్తుతం

చెవి పరీక్ష నడుస్తోంది. మాస్టారు అకారంలో ("ఆ" అంటూ) ఒక ఆవర్తం పాడతారు, స్వరాలు చెప్పరు. నేను ముందు గళ్లలో ఎక్కడెక్కడ ధ్వని మారిందో గీతలు పెట్టి, రెండోసారి పాడినప్పుడు స్వరాలు నింపుతాను. మోహనం తొందరగా అందుతోంది. దగ్గరదగ్గర స్వరాలున్న మాయామాళవగౌళలో ద, ని ఇంకా నిదానంగా వస్తున్నాయి.

తరవాతి పాఠం మోహన వర్ణం "నిన్నుకోరి", ఆది తాళం. మొదటి ఆవర్తం ఎడమ పేజీలోకి ఎక్కింది. మిగతాది ఈ నెలలో రెండు కాలాల్లో పాడాకే రాస్తాను. ఖండ చాపు, మిశ్ర చాపు కోసం ఐదు గళ్ల, ఏడు గళ్ల వరుసలు కూడా గీసి ఉంచాను. తిశ్ర గతికి (అక్షరాన్ని మూడుగా పంచే నడకకు) మాత్రం అక్షరానికి నాలుగు గళ్లు చాలవు. నాలుగూ మూడూ రెండూ ఇమడాలంటే పన్నెండు కావాలి, దానికి ఇంకా సన్నటి గళ్ల పుస్తకం కొనాలి.